‘చింతలకు దూరం’ అని పేరు పెడితే... విప్లవం అక్కడికే వచ్చింది!

ఇంటికి ‘ఆనంద నిలయం’, ‘శాంతి నివాస్’ అని పేరు పెట్టుకోవడం మనకు అలవాటే. థాయ్‌లాండ్ రాజు ఒకాయన సముద్రం ఒడ్డున కట్టుకున్న వేసవి విడిదికి ఏకంగా ‘చింతలకు దూరం’ అని పేరు పెట్టేశాడు. థాయ్ భాషలో ‘క్లాయ్ కాంగ్వోన్’. తమాషా ఏంటంటే, ఆయన జీవితంలోకెల్లా పెద్ద చింత ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది ఆ ఇంటికే!

అనుకోని కిరీటం

ఆ రాజు ప్రజాధిపోక్. ఏడో రామ అని కూడా అంటారు. చులాలాంగ్‌కార్న్ రాజు కొడుకుల్లో అందరికన్నా చిన్నవాడు. సింహాసనం తన దాకా వస్తుందని ఆయన కూడా అనుకోలేదు. అన్నలు ఒకరి తర్వాత ఒకరు చనిపోవడంతో 1925లో కిరీటం ఆయన నెత్తిన పడింది. అప్పటికి దేశం పేరు సయాం.

బ్యాంకాక్ నుంచి దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో హువా హిన్ అనే ఊరుంది. 1911లో రైలు రావడంతో ఈ చేపల పల్లె కాస్తా పెద్దింటివాళ్ల బీచ్‌గా మారింది. అక్కడే 1926లో తన సొంత డబ్బుతో ప్యాలెస్ పనులు మొదలుపెట్టించాడు ప్రజాధిపోక్. రాణి రంబాయ్ బర్ణితో ప్రశాంతంగా గడపాలన్నది ఆశ. డిజైన్ చేసింది పారిస్‌లో ఆర్కిటెక్చర్ చదివిన ఓ రాజకుమారుడు.

లోపలి భవనాల పేర్లు వింటే మనకు చుట్టాల్లా అనిపిస్తాయి. పియమ్ సుక్, ప్లుక్ కసేమ్, అయప్ ప్రేమ్, ఎమ్ ప్రీది... అన్నీ ప్రాస కలిసేలా పెట్టినవే. ‘సుక్’ అంటే మన సుఖమే, ‘కసేమ్’ క్షేమం, ‘ప్రేమ్’ ప్రేమ, ‘ప్రీది’ ప్రీతి. సంస్కృతం నుంచి థాయ్‌లోకి వెళ్లిన మాటలివి.

గోల్ఫ్ ఆడుతుంటే కబురు

1929 తర్వాత ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం. సయాంలోనూ జీతాల్లో కోతలు, ఉద్యోగాల తీసివేతలు. పెద్ద పదవులేమో రాజుగారి బంధువుల చేతుల్లో. చదువుకున్న కుర్రాళ్లకు కడుపు మండింది. నిజానికి దేశానికి రాజ్యాంగం ఇవ్వాలని రాజుకే ఉంది. కానీ చుట్టూ ఉన్న పెద్దలు ఒప్పుకోలేదు.

1932 ఏప్రిల్‌లో రాజవంశం 150 ఏళ్ల పండగ ఘనంగా చేసుకుంది. రెండున్నర నెలలు తిరిగాయో లేదో, జూన్ 24న తెల్లవారుజామున కొందరు సైనికాధికారులు, ప్రభుత్వ ఉద్యోగులు కలిసి బ్యాంకాక్‌ను చేతుల్లోకి తీసుకున్నారు. ముఖ్యమైన రాజకుమారులను నిర్బంధించారు. రాజు అప్పుడు హువా హిన్‌లో గోల్ఫ్ ఆడుతున్నాడు. కబురు అక్కడికే చేరింది.

ఈ తిరుగుబాటుకు మెదడు లాంటి నాయకుడి పేరేంటో తెలుసా? ప్రీది! రాజుగారి భవనం పేరులో ఉన్న ప్రీతే అది.

రాజు ముందు మూడు దారులు. సైన్యాన్ని కూడగట్టి యుద్ధం చేయడం, విదేశాలకు పారిపోవడం, లేదా రాజ్యాంగానికి లోబడిన రాజుగా తిరిగి వెళ్లడం. జనం రక్తం చిందడం ఇష్టం లేక మూడోదే ఎంచుకున్నాడు. తీసుకురమ్మని వాళ్లు యుద్ధనౌక పంపితే, అది ఎక్కకుండా రైల్లో బ్యాంకాక్ వెళ్లాడు. ఆ డిసెంబర్ 10న రాజ్యాంగం మీద సంతకం పెట్టాడు.

అయినా చింత వదల్లేదు. 1933 అక్టోబర్‌లో రాజు పక్షంవాళ్లే కొత్త ప్రభుత్వంపై తిరగబడ్డారు. ఆ గొడవలో ఇటూ అటూ కాలేక, ఇదే ప్యాలెస్ నుంచి చిన్న బోటులో దక్షిణాన ఉన్న సాంగ్‌ఖ్లాకు వెళ్లిపోయాడు. 1935 మార్చి 2న ఇంగ్లండ్‌లో ఉండగానే కిరీటం వదులుకున్నాడు. అధికారాన్ని జనానికి ఇవ్వడానికి సిద్ధమే గానీ, ఏ ఒక్కరికో ఓ గుంపుకో ఇవ్వడానికి కాదన్నది ఆయన లేఖ సారాంశం. 1941లో అక్కడే కన్నుమూశాడు. చింతలు లేకుండా గడుపుదామని కట్టుకున్న ఇంటిని మళ్లీ చూడలేదు.

ఇప్పుడు ఆ పేరు పిల్లలది

తర్వాతి కాలంలో భూమిబోల్ రాజు ఇక్కడే ఏళ్ల తరబడి ఉన్నారు. 1995లో, ఈ ప్యాలెస్ పేరుతోనే ఉన్న స్కూలు నుంచి శాటిలైట్ పాఠాలు మొదలయ్యాయి. టీచర్లు చాలని మారుమూల బడులకు ఇక్కడి క్లాసులు టీవీలో లైవ్‌గా వెళ్తాయి. కొవిడ్ వచ్చి బడులు మూతపడ్డప్పుడు దేశమంతా పిల్లలు చూసింది కూడా ఈ పాఠాలే.

రాజుకు దక్కని నిశ్చింత, టీచర్ లేని బడిలో కూర్చున్న పిల్లలకు కొంచెమైనా దక్కింది.