రష్యన్ స్పై సినిమాల్లో వల.. వైజాగ్‌లో ఫ్రెండ్ రిక్వెస్ట్! హనీట్రాప్ అసలు ఎలా జరుగుతుంది?

రష్యా గూఢచారుల థ్రిల్లర్ అనగానే చాలామందికి 2018లో వచ్చిన ‘రెడ్ స్పారో’ గుర్తొస్తుంది. అందులో జెన్నిఫర్ లారెన్స్ పాత్రకు మనుషుల్ని వలలో వేసుకోవడమే ట్రైనింగ్. నిజం మాత్రం ఇంత స్టైల్‌గా ఉండదు. పాయకరావుపేట నుంచి హైవేపై సుమారు 100 కిలోమీటర్లు వెళ్తే వైజాగ్. 2019 డిసెంబర్‌లో ‘ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్’ పేరుతో ఏపీ పోలీసులు ఏడుగురు నేవీ సిబ్బందిని, ఒక హవాలా ఆపరేటర్‌ను అరెస్ట్ చేశారు. అంతా ఫేస్‌బుక్‌లోనే మొదలైందని దర్యాప్తులో తేల్చారు. అమ్మాయి పేరుతో పరిచయం, చాటింగ్, ఆ తర్వాత బ్లాక్‌మెయిల్. అడిగింది షిప్‌లు, సబ్‌మెరైన్‌ల కదలికలు. అడిగింది పాకిస్థాన్ ఏజెంట్లు. సినిమాలో మాఫియా చేసే పని ఇక్కడ హవాలా చేసిందన్నమాట!

ఇందులో రష్యా లేదు. హాలీవుడ్‌కు విలన్ అయినా మన నేవీకి పాత ఫ్రెండే. ఆర్కే బీచ్‌లో టికెట్ కొని చూసే కురుసుర సబ్‌మెరైన్ కూడా సోవియట్ తయారీయే.

ఆ కేసు తర్వాత నేవీ స్థావరాల్లో స్మార్ట్‌ఫోన్లు, ఫేస్‌బుక్ బంద్ అయ్యాయి. కానీ ఇంట్లోవాళ్ల ఫోన్ల మాటేంటి? మన అనకాపల్లి జిల్లాలోనే, రాంబిల్లి దగ్గర నేవీ కొత్త స్థావరం వస్తోంది. మీ అబ్బాయో, అల్లుడో నేవీలో ఉంటే.. ఏ షిప్‌లో, ఎప్పుడు, ఎక్కడికి బయల్దేరాడో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి.