ఇసుక మేట తీయుటకు ముందు

రావికమతం రైతు సోదరులారా! 2014 అక్టోబరు 12న విశాఖ తీరము దాటిన హుద్‌హుద్ తుఫానును మీరు మరచి యుండరు. గెడ్డ పొంగినచో పైరు పోవుటయే గాక, చేనిలో ఇసుక మేట వేయును. ఈ రెండవ నష్టమునకును విపత్తు సహాయ నిధి నుండి సొమ్ము కలదు. 2022-23 నుండి 2025-26 వరకు కేంద్రము నిర్ణయించిన ప్రమాణములలో, 2 హెక్టార్ల లోపు భూమిగల రైతుకు హెక్టారుకు 18,000 రూపాయలు, అనగా ఎకరాకు సుమారు 7,285. మడి ఎంత చిన్నదైనను 2,200కు తగ్గదు.

అయితే మేట 3 అంగుళములకు మించవలెను, అధికారి ధ్రువపరుపవలెను. కావున తొందరపడి ఇసుక ఎత్తివేయకుడు. ఎత్తివేసిన పిమ్మట కొలుచుటకు ఏమి మిగులును? నాలుగైదు చోట్ల పాత మట్టి తగులువరకు గుంత తీసి, స్కేలు నిలిపి ఫోటో తీయించుడు. గ్రామాధికారులు మేటను పైరు నష్టములో కలుపక, వేరుగా వ్రాసికొనవలెను. ఇదే పనికి వేరొక పథకమున సొమ్ము పొందినవారికి మాత్రము ఇది రాదు.