అర అంకణం గది

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. చూడవచ్చినవారికి మనం వసారా చూపిస్తాం, హాలు చూపిస్తాం, కొత్తగా కొన్న సోఫామీద కూర్చోబెట్టి కాఫీ ఇస్తాం. నీళ్ళ గది మాత్రం చూపించం. తప్పనిసరై ఎవరైనా అటు వెళ్ళవలసి వస్తే, "కాస్త జాగ్రత్తండీ, జారుతుంది" అని వెనకనుంచి ఒక కేక వేసి ఊరుకుంటాం. చుట్టాలకు చెప్పే ఆ మాట, రోజుకు పదిసార్లు అందులోకి వెళ్ళివచ్చే ఇంటి ముసలివారికి చెప్పం. వారికి తెలుసుగదా అనుకుంటాం.

నేను కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని. మజ్జనశాల అనే మాటకు పర్యాయపదాలు చెప్పమంటే చెప్పగలను గాని, తాపీపనితో నాకేమి పొత్తు? ఆ పొత్తు కుదిర్చినది మా అమ్మ.

అమ్మ ఉండేది మైపాడుకు ఇవతల, బకింగ్‌హాం కాలువకు దగ్గరలో, మా తాతగారు కట్టించిన పెంకుటింట్లో. కిందటి వేసవిలో ఆమెకు మూత్రంలో మంట, ఒళ్ళంతా నీరసం. నెల్లూరు తీసుకువచ్చి డాక్టరుగారికి చూపించాను. పరీక్షలన్నీ అయిన తరువాత ఆయన అడిగినది ఒకటే ప్రశ్న: "రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగుతారమ్మా?" అమ్మ నావైపు చూసి తల వంచుకున్నది. ఇంటికి వచ్చాక, దీపాలు పెట్టే వేళ, నెమ్మదిగా బయటపెట్టింది. "సంక్రాంతి ముందు ఒకసారి ఆ గదిలో జారినానమ్మాయ్. గోడ పట్టుకున్నా, పడలేదులే. అప్పటినించి రాత్రిపూట అందులోకి పోవాలంటే బయం. అందుకే పొద్దుగూకినాక నీళ్ళు తాగను."

ఆర్నెల్లుగా నేను ప్రతి ఆదివారమూ ఆ ఇంటికి వెళ్ళి, ఆ గదిలోనే కాళ్ళు కడుక్కుని వచ్చినదాన్ని.

బెంగుళూరులో ఉన్న అన్నయ్యకు ఫోను చేస్తే, గది పడగొట్టించి, గోడలకు పైదాకా పలకలు వేయించి, కొత్తది కట్టించమన్నాడు. ఒక కాంట్రాక్టరు వచ్చి, కొలతలు తీసుకుని, 90,000 రూపాయలు అన్నాడు. గది ఎంత? నెల్లూరివారికి అంకణాల లెక్క తెలుసు. మన అంకణం 72 చదరపుటడుగులు. తిరుపతివారి అంకణం అందులో సగమే. మా నీళ్ళ గది ఆరడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు. అంటే మన లెక్కన అర అంకణానికి కూడా తక్కువే. అంత చిన్న గదికి అంత డబ్బు పోయటానికి అన్నయ్య సిద్ధమేగాని, ఇంటి ఖర్చులు, పిల్లల ఫీజులు చూసుకుంటే నాకు చేతులు రాలేదు. పైగా కొత్త పలకలు నున్నగా మెరుస్తవి. అమ్మ జారినది నునుపుమీదే గదా!

ఊళ్ళోనే ఉన్న ఒక వృద్ధ బేల్దారిని పిలిపించాను. ఆయన గదిలోకి పోయి ముందు నేల చూడలేదు, గోడ చూశాడు. అడుగునుంచి మోకాలెత్తు దాకా తెల్లగా చౌడు పూసి, సిమెంటు పూత పెచ్చులు పెచ్చులుగా లేచి ఉన్నది. ఒక పెచ్చు వేలితో ఊడదీసి, దాని వెనక నలిగిన ఇసుక చిటికెడు నాలుకమీద వేసుకుని ఉమ్మేశాడు. "సముద్రం ఇసకమ్మా. ఉప్పు కషాయం."

అప్పుడు నాకు ఇంటి చరిత్ర గుర్తుకు వచ్చింది. తాతగారు ఈ ఇల్లు ఇటికెతో, గుల్ల సున్నంతో కట్టించారు. ఆ రోజుల్లో ఈ తీరంలో సున్నానికి కొదవ లేదు. పులికాట్ సరస్సు అడుగున పొరలు పొరలుగా పాతుకుపోయిన గుల్లలను తవ్వి, కాల్చి, సున్నం చేసేవారు. 1989 నవంబరులో, ఎక్కడో థాయిలాండు సింధుశాఖలో పుట్టిన తుఫాను బంగాళాఖాతమంతా దాటుకుని వచ్చి కావలి దగ్గర తీరాన్ని తాకింది. ఆ గాలివానకు మా పెరటి గోడలూ, నీళ్ళ గది పూతా దెబ్బతిన్నవి. నాన్నగారు తొందరలో, దగ్గరలో దొరికిన ఇసుక తెప్పించి, సిమెంటు పూత పూయించారు. అప్పటికి అదే గట్టిపని.

బేల్దారి మాటల్లో చెప్పాలంటే: "సున్నం గోడకి సిమెంటు చొక్కా తొడిగినారు. చెమట ఎట్లా ఆరుద్ది?"

ఇంతకంటె స్పష్టంగా ఏ ఇంజనీరూ చెప్పలేడు. ఇటికె నీటిని పీల్చుకుని పైకి లాగుతుంది. ఆ నీటితోపాటు కరిగిన ఉప్పు పైకి వస్తుంది. సున్నపు పూత అయితే తేమను గాలిలోకి విడిచిపెడుతుంది. సిమెంటు పూత అంత సులువుగా విడవదు. తేమ దానివెనకే నిలిచి, ఎక్కడ సందు దొరికితే అక్కడ ఆరుతుంది. నీరు పోయి ఉప్పు మిగిలి, పలుకులు కట్టి, ఉబ్బి, పూతను పగలదోస్తుంది. కుళాయి బిగించిన పాత ఇనప కొక్కెం దగ్గర గోడ నెర్రె ఇచ్చినదీ ఇటువంటి కథే. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె ఎక్కువ చోటు అడుగుతుంది. మనం మాత్రం ఏటేటా పైపైన రంగు వేయించి, రంగు మంచిది కాదని కొట్టువాణ్ణి తిట్టుకుంటాం.

పని మూడు విడతలుగా జరిగింది. మొదటిరోజు చౌడెక్కిన మేరకు, దానిపైన మరొక అడుగు దాకా, సిమెంటు పూత గీకివేయించాము. ఉప్పును నీళ్ళతో కడగవద్దనీ, కడిగితే మళ్ళీ గోడలోకే పోతుందనీ చెప్పి, బేల్దారి పొడి బ్రష్షుతోనే దులిపించాడు. తరువాత మూడు వారాలపాటు గోడను ఆరనిచ్చాము.

ఆ మూడు వారాలు అమ్మకు స్నానం ఎట్లా? పెరట్లో తాటాకుల దడి కట్టించి, లోపల ఒక బండ వేయించాను. పాపం, ముసలితనంలో ఆరుబయట స్నానమా అని నేను బాధపడుతుంటే, ఆమె చిన్నపిల్లలా సంబరపడింది. పుట్టింట్లో పెళ్ళయ్యేదాకా తాను స్నానం చేసినది అట్లాగేనట. ఆకాశం కనపడుతూ, వేణ్ణీళ్ళ కాగు పక్కనే ఉండి, కుంకుడుకాయ పులుసు కంట్లో పడితే అరిచినా వినిపించేటంత దగ్గరగా వంటిల్లు. దడి విప్పేనాడు, "ఇంకో వారం ఉంచరాదా" అన్నది!

రెండవ విడత సున్నం. గుల్ల సున్నం ఇప్పుడు అడిగినచోటల్లా దొరకదు. మాకు దొరికినది రాతి సున్నమే. ముందుగా తడిపి, నానిన సున్నాన్ని వారం తరువాత వాడాము. (సున్నం విరిసేటప్పుడు కుతకుత ఉడుకుతుంది; పిల్లలను దగ్గరకు రానీయకండి, కంట్లో పడితే చాలా ప్రమాదం.) ఒక వంతు సున్నానికి రెండున్నర వంతులు పెన్న ఇసుక. పాతకాలంలో కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపేవారని ఆయన చెప్పాడుగాని కలపలేదు. నీళ్ళు చిమ్మే ఒక్క పక్క మాత్రం మూడడుగుల ఎత్తున కడప రాళ్ళు నిలబెట్టించాము.

నేలకూ కడప రాళ్ళే. నునుపు పట్టినవి కావు, గరుకువి. ధర కూడా తక్కువ. పాత నేలలో అసలు లోపం వాలు లేకపోవటం. నీళ్ళు తూముదాకా పోక మూల నిలిచి, నాచు పట్టేది. అడుగుకు పావు అంగుళం చొప్పున వాలు పెట్టించి, చెంబెడు నీళ్ళు పోసి, అవి ఎక్కడా ఆగకుండా పోయేదాకా బేల్దారిని కదలనివ్వలేదు. ఆయన విసుక్కున్నాడు. విసుక్కోనివ్వండి.

ఇక్కడ ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి. కడప రాయి, బేతంచెర్ల రాయి సున్నపురాయి జాతివి. బాత్రూములు కడిగే యాసిడ్ వాటిమీద పోస్తే నురగలు వస్తవి. మురికి పోతున్నదని మురిసిపోతాం, పోతున్నది రాయి. నిమ్మకాయ, చింతపండు కూడా ఆ రాళ్ళమీద వద్దు. కుళాయికి పట్టిన ఉప్పునీటి గారకు మాత్రం నిమ్మచెక్క దివ్యౌషధం. నేలమీది నాచుకు బ్లీచింగు పౌడరు చల్లి, కాసేపుంచి, బాగా రుద్ది కడిగితే చాలు. కాని యాసిడ్, బ్లీచింగు పౌడరు రెండూ కలిపి ఎన్నడూ వాడకండి. వెలువడేది క్లోరిన్ వాయువు. 1915లో బెల్జియంలోని ఈప్ర్ యుద్ధరంగంలో జర్మన్ సైన్యం వదిలినది దానినే. తలుపు మూసిన చిన్న గదిలో దానితో చెలగాటం ఆడరాదు.

మూడవ విడత వడ్రంగిది. తలుపు లోపలికి తెరుచుకునేది. లోపల మనిషి పడితే, ఆ మనిషే తలుపుకు అడ్డమౌతుంది. బయటివారు తోసి ప్రయోజనం లేదు. బందులు మార్పించి బయటికి తెరుచుకునేటట్లు చేయించాను. గడియ కూడా అవసరమైతే బయటనుంచి తీయవచ్చు. గోడకు రెండడుగుల స్టీలు కడ్డీ పెట్టించాము. స్టీలులో 304 అనీ, 316 అనీ రకాలున్నవి. సముద్రపు గాలికి రెండవది మేలు. ధర ఎక్కువైనా ఆ ఒక్కచోట పిసినారితనం చూపలేదు. మెత్తని ఇటికెలో మేకు నిలవదుగనుక, బోల్టులు గోడ అవతలికి పోనిచ్చి, అటువైపు స్టీలు బిళ్ళ వేసి బిగించారు. కిటికీలో వాన జల్లుకని ఎప్పుడో అడ్డం పెట్టిన అట్టలు తీయించి, విరిగిన గాజు పలకలు వేయించాను. గడపమీద తెల్లరంగు గీత ఒకటి నేనే గీశాను. ముసలి కళ్ళకు మెట్టు అంచు తెలియాలి గదా.

ఖర్చు దాచుకోవటమెందుకు? బేల్దారికి, మనిషికి మూడు రోజుల కూలి 5,100, రాళ్ళు, ఆటో బాడుగ 1,600, సున్నం, ఇసుక, కొద్ది సిమెంటు 1,500, కడ్డీ 1,800, వడ్రంగికి 900, కుళాయి 450, గాజు పలకలు, ఒక ఎల్‌ఈడీ బల్బు 400. మొత్తం 11,750 రూపాయలు. అన్నయ్య పంపిన డబ్బులో మిగిలినది అమ్మ పేర పోస్టాఫీసులో వేశాము.

అంతా బాగున్నదని చెప్పలేను. పైభాగంలో గీకకుండా వదిలిన పాత సిమెంటు అంచున మళ్ళీ సన్నగా తెల్లగీత కనపడుతున్నది. ఇంకొక వానాకాలం చూసి, అదీ తీసేద్దామంటున్నాడు బేల్దారి.

కిందటి ఆదివారం వెళ్ళినప్పుడు అమ్మ మంచం పక్కన చెంబునిండా నీళ్ళు, మీద మూత ఉన్నవి. నేనేమీ అడగలేదు. మిగిలిన కడప రాయి ముక్కను ఆమె కూర్చుని స్నానం చేయటానికి పీటలా అమర్చుదామంటే వద్దన్నది. దానిమీద పచ్చడి బాగా నూరుకోవచ్చునట. చింతపండు సంగతి మళ్ళీ చెప్పవలసి వచ్చింది.