వీధిలో ఆగ్రహం, కోర్టులో సాక్ష్యం

జెస్సికా లాల్ హత్య కేసులో నిందితులు తొమ్మిది మందినీ ఢిల్లీలోని ట్రయల్ కోర్టు 2006 ఫిబ్రవరి 21న నిర్దోషులుగా తేల్చింది. మర్నాడు టైమ్స్ ఆఫ్ ఇండియా మొదటి పేజీ పతాక శీర్షిక ‘నో వన్ కిల్డ్ జెస్సికా’. జెస్సికాను ఎవరూ చంపలేదట! జనం గుండెల్లోని మాటను ఆ శీర్షిక నాలుగే పదాల్లో చెప్పింది. పది నెలలు తిరిగేసరికి ఢిల్లీ హైకోర్టు ఆ తీర్పును తిరగరాసింది. ఆ రెండు తీర్పుల మధ్యకాలంలో జనాగ్రహం, మీడియా, న్యాయస్థానం ఏ పాత్ర పోషించాయన్నది నేటికీ చర్చనీయమే.

హత్య జరిగింది 1999 ఏప్రిల్ 29 అర్ధరాత్రి దాటాక. దక్షిణ ఢిల్లీలో కుతుబ్ మినార్ దగ్గరున్న టామరిండ్ కోర్ట్ రెస్టారెంట్‌లో ఆ రాత్రి విందు జరిగింది. 34 ఏళ్ల మోడల్ జెస్సికా అక్కడి బార్‌లో మద్యం అందిస్తోంది. రెండు గంటల వేళ మిత్రులతో వచ్చిన ఒక యువకుడు మద్యం అడిగాడు. బార్ మూసేశామని ఆమె చెప్పింది. అతను పిస్తోలు తీసి మొదట పైకప్పులోకి, తర్వాత ఆమె తల మీదికి కాల్చాడు. నిందితుడు మను శర్మ హర్యానా కాంగ్రెస్ నాయకుడు వినోద్ శర్మ కొడుకు. మరో నిందితుడు వికాస్ యాదవ్ తండ్రి డి.పి. యాదవ్ ఉత్తరప్రదేశ్ రాజకీయ నాయకుడు. హత్యకు వాడిన పిస్తోలు చివరిదాకా దొరకలేదు.

ఎంతోమంది కళ్లెదుట జరిగిన హత్య కాబట్టి నేరం రుజువు కావడం తేలికే అనుకున్నారు. కానీ విచారణ ఏళ్ల తరబడి సాగింది. సాక్షులు ఒకరి తర్వాత ఒకరు అడ్డం తిరిగారు. పోలీసులకు చెప్పిన మాటను కోర్టు బోనులో కాదనడమే అడ్డం తిరగడం. ప్రత్యక్ష సాక్షి శ్యాన్ మున్షీ సంగతే చూస్తే, కేసు నమోదైంది అతని వాంగ్మూలం మీదే. కోర్టుకు వచ్చేసరికి, పోలీసులు దాన్ని హిందీలో రాసుకున్నారని, తనకు హిందీ చదవడం రాదని చెప్పాడు. కాల్చింది ఒక్కరు కాదు, ఇద్దరు అని కొత్త మాట జోడించాడు. ఘటనాస్థలంలో దొరికిన రెండు ఖాళీ తూటాలు వేర్వేరు తుపాకులవిగా కనిపిస్తున్నాయన్న నిపుణుడి అభిప్రాయం దీనికి తోడైంది. ఇద్దరు కాల్చి ఉంటే, ప్రాణం తీసిన తూటా ఎవరిది? ఆ సందేహం నిందితులకు కలిసొచ్చింది.

తీర్పు వెలువడిన రోజు నుంచే దేశంలో కలకలం రేగింది. తొలుత కదిలింది జెస్సికా చెల్లెలు సబ్రీనా వెంట నిలిచినవారు. ఆ వెంటనే విద్యార్థులు, ఉద్యోగులు, గృహిణులు గొంతు కలిపారు. ఎన్డీటీవీ నడిపిన ఎస్సెమ్మెస్ ఉద్యమానికి రెండు లక్షలకు పైగా సందేశాలు వచ్చాయి. న్యాయం చేయాలన్న ఆ విన్నపం రాష్ట్రపతి అబ్దుల్ కలాం దాకా వెళ్లింది. ఇండియా గేట్ దగ్గర జనం కొవ్వొత్తులు పట్టుకుని నిలబడ్డారు. అంతకు కొద్ది వారాల ముందే, జనవరి 26న, విడుదలైన ‘రంగ్ దే బసంతి’ సినిమాలో సరిగ్గా అలాంటి సన్నివేశమే ఉంది. తర్వాతి కాలంలో మన ఊళ్లలోనూ మామూలైపోయిన కొవ్వొత్తుల ప్రదర్శనకు ఆ ఏడాది పెద్ద మలుపు.

ఈ నిరసనలో కోర్టు ధిక్కారం లేదు. విచారణలో ఉన్న కేసుపై వ్యాఖ్య వేరు, ముగిసిన కేసులో తీర్పుపై విమర్శ వేరు. తీర్పు వచ్చాక దాని మీద న్యాయమైన విమర్శ ధిక్కారం కాదని 1971 నాటి కోర్టు ధిక్కార చట్టమే చెబుతోంది.

నిర్దోషి అన్న తీర్పు వచ్చాక హతురాలి కుటుంబం చేతిలో అప్పట్లో దాదాపు ఏమీ ఉండేది కాదు. అప్పీలు చేయాల్సింది ప్రభుత్వమే. బాధితులు కూడా నేరుగా అప్పీలు చేసుకునే హక్కు 2009 డిసెంబర్ 31 నుంచి గాని అమల్లోకి రాలేదు. అందుకే 2006లో వీధుల్లో వెల్లువెత్తిన ఒత్తిడికి అంత విలువ. మార్చిలోనే పోలీసులు హైకోర్టులో అప్పీలు వేశారు. అక్టోబర్‌లో తెహల్కా, స్టార్ న్యూస్ కలిసి స్టింగ్ ఆపరేషన్ ప్రసారం చేశాయి. సాక్షులను డబ్బుతో, ఒత్తిడితో లొంగదీసుకున్నారన్నది ఆ కథనాల సారాంశం. ఆ దెబ్బకు వినోద్ శర్మ హర్యానా మంత్రి పదవికి రాజీనామా చేశారు.

హైకోర్టు 2006 డిసెంబర్ 18న మను శర్మను దోషిగా తేల్చి, 20న యావజ్జీవ శిక్ష విధించింది. వికాస్ యాదవ్‌కూ మరొకరికీ సాక్ష్యాల మాయంలో పాత్రకు నాలుగేళ్ల చొప్పున శిక్ష పడింది. హైకోర్టుకు ఆధారమైంది టీవీ టేపులు కావు, కొవ్వొత్తులూ కావు. కింది కోర్టు రికార్డులో అప్పటికే ఉన్న సాక్ష్యాన్నే అది మళ్లీ తూచింది. మాట మార్చకుండా నిలబడ్డ కొద్దిమందిలో రెస్టారెంట్ యజమాని బీనా రమానీ, ఆమె కుమార్తె ఉన్నారు. వారి మాటలను నమ్మదగినవిగా తీసుకుంది. రెండు తుపాకుల కథను తోసిపుచ్చింది. సుప్రీంకోర్టు 2010 ఏప్రిల్ 19న ఈ తీర్పును ఖాయం చేసింది.

మీడియాకు సుప్రీంకోర్టు ఒక హెచ్చరిక కూడా చేసింది. ఘటన జరిగిన కొత్తలో కొన్ని పత్రికల వార్తలు నిందితులు ఎందరు, ఎలా ఉంటారన్న విషయంలో జనాన్ని గందరగోళపరిచాయని పేర్కొంది. సమాచారం ఇవ్వడం వేరు, తీర్పు ముందే చెప్పేయడం వేరని గుర్తు చేసింది. ఈ హెచ్చరికను తేలిగ్గా తీసుకోకూడదు. ఒకే మీడియా మొదట కేసుకు చిక్కు తెచ్చింది, తర్వాత కేసును బతికించింది. అసలు నేరస్థుడి విషయంలో జనం ఊహ నిజమైంది కాబట్టి అది మంచి కథగా మిగిలింది. ఊహ తప్పయి ఉంటే అదే హోరు ఒక అమాయకుణ్ని మింగేసేది.

హైకోర్టు తీర్పు తర్వాత కూడా జనం కన్ను ఆ కేసు మీదే ఉంది. 2009లో తల్లి అనారోగ్యమని పెరోల్ మీద బయటికి వచ్చిన మను శర్మ ఢిల్లీలోని ఒక నైట్‌క్లబ్‌లో కనిపించాడన్న వార్త వచ్చేసరికి మళ్లీ దుమారం రేగింది. అతను తిరిగి జైలుకు వెళ్లక తప్పలేదు. 2011లో ఆ పతాక శీర్షిక పేరుతోనే హిందీ సినిమా వచ్చింది. మను శర్మ విడుదలకు తనకు అభ్యంతరం లేదని సబ్రీనా 2018లో జైలు అధికారులకు లేఖ రాశారు. మను శర్మ 2020 జూన్‌లో బయటికొచ్చాడు. సబ్రీనా 2021లో కన్నుమూశారు.

ఈ కేసుకు పట్టిన అసలు జబ్బు సాక్షి భయం, సాక్షి అమ్ముడుపోవడం. అడ్డం తిరిగిన 32 మందిపై హైకోర్టు తనంతట తానే చర్యలకు పూనుకుంది. చివరికి 2013లో శ్యాన్ మున్షీ, తుపాకుల నిపుణుడు ఇద్దరి మీదే అబద్ధపు సాక్ష్యం కేసు నడపాలని ఆదేశించింది. సాక్షుల రక్షణ పథకానికి సుప్రీంకోర్టు 2018 డిసెంబర్‌లో ఆమోదం తెలిపింది. దాని ప్రకారం బెదిరింపు ఎదురైన సాక్షి రక్షణ కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. ముప్పు తీవ్రతను బట్టి పోలీసు రక్షణ, గుర్తింపు గోప్యత, వేరే చోటికి తరలింపు వంటి ఏర్పాట్లు చేయాలి. కొత్త నేర విచారణ చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ప్రతి రాష్ట్రం ఇలాంటి పథకం రూపొందించాలన్న నిబంధన చేరింది. టీవీ కెమెరాలు ఎన్నడూ చేరని జిల్లా కోర్టుల్లో బోనెక్కే సాక్షికి ఆ రక్షణ అందాలి. జెస్సికా కోసం కదిలిన జనం ఆ సాక్షి కోసం కదలరు కాబట్టి, అతనికి ఉన్న దిక్కు చట్టమే.