మెట్టినిల్లు అమ్మినవేళ

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పిరి. ఆ రెండు కార్యములలోని కష్టము అనుభవించినవారికే తెలియునని వారి భావము. ఇల్లు అమ్మి చూడుమని మాత్రము ఎవ్వరును చెప్పినట్లు లేదు. ఆ కాలమున ఇల్లమ్ముట యనగా చితికిపోయిన కుటుంబములకే పట్టెడి దురవస్థ. నేటి సంగతి వేరు. అప్పు లేకున్నను, ఆపద లేకున్నను, పిల్లలందరును పట్టణములు చేరుటచేతను, పల్లెలో పెద్దలు ఒంటరిగా నుండజాలమిచేతను, గోదావరి తీరమందలి లోగిళ్ళు అనేకములు అమ్మకమునకు వచ్చుచున్నవి. నిరుడు మా మెట్టినిల్లును అట్లే చేతులు మారినది. ఆ ఆరుమాసములలో మేము పడిన వ్యథయు, చేసిన పొరపాటులును, తుదకు తెలిసికొన్న సంగతులును సోదరీమణులకు విన్నవించినచో కొందరికైనను ఉపయోగపడునని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాది మండువా యిల్లు. నాలుగువైపుల పెంకుల వసారాలు లోపలికి వాలి, వానకాలమున చూరునీరంతయు నడిమి మండువాలో పడుచుండును. పెరటిలో నుయ్యి, తులసికోట, నాలుగు కొబ్బరిచెట్లు. మా మామగారు దీనిని కట్టలేదు; ఉద్యోగపు సొమ్ము కూడబెట్టి మరియొకరివద్ద కొనిరి. ఆ గడప దాటి కాపురమునకు వచ్చినది మొదలు మా అత్తగారు ఏబది సంవత్సరములు దానికి పసుపు పూసిరి. మా పురుళ్ళు, పిల్లల బారసాలలు, తుదకు మామగారి కడపటి ప్రయాణము, అన్నియు ఆ వసారాలలోనే జరిగినవి. ఆయన గతించిన యేడాదిలోపలనే ఇంటిబేరము మొదలయ్యెను.

మా మొదటి పొరపాటు ఇక్కడనే జరిగినది. "అమ్మకు ఇప్పుడే చెప్పి బాధపెట్టనేల? బేరము కుదిరినపిమ్మట చెప్పవచ్చును" అని ఇంటిలోనివారము అనుకొంటిమి. ఒకనాటి యుదయమున ఇద్దరు మనుష్యులు టేపు పట్టుకొని పెరడు కొలుచుచుండగా అత్తగారు చూచి, "ఏం కొలుస్తున్నారు నాయనా?" అని యడిగిరట. "స్థలం కొలుచుకుంటున్నామండీ మామ్మగారూ, ఇల్లు ఎలాగూ తీసేసేదే కదండీ" అని వారు బదులు చెప్పిరి. ఆమె ఏమియు అనలేదు. ఆ రాత్రి భోజనము చేయలేదు. నడిరేయి మేము లేచి చూడగా, ఆమె ఒక్కొక్క తలుపు గడియ వేసి, మరల తీసి, మరల వేయుచు ఇల్లంతయు తిరుగుచుండిరి. బాధ తప్పింపవలెనని దాచిన మాట ఆమెకు పరులనోట చేరుటచే బాధ రెట్టింపయ్యెను.

ఈ కలతను పెద్దవారి చాదస్తమని త్రోసివేయుట తగదు. 1967లో అమెరికాదేశమున హోమ్స్, రాహే అను ఇరువురు మనోవైద్యులు మనుష్యుని జీవితమును తలక్రిందులుచేయు 43 సంఘటనలను వరుసగా పేర్చి, ఒక్కొక్కదానికి ఇన్ని మార్కులని నిర్ణయించిరి. భార్యాభర్తలలో నొకరు గతించుటకు 100 మార్కులు. నివాసము మారుటకు 20 మాత్రమే. చూచుట కిది స్వల్పముగానే తోచును. కాని ఏడాదిలో తటస్థించినవాటినన్నిటిని కూడి చూడవలెననియు, మొత్తము పెరిగినకొలది జబ్బుపడుటకు అవకాశము హెచ్చుననియు వారి సిద్ధాంతము. పైగా ఆ మార్కులు పలువురిని అడిగి తీసిన సగటు లెక్కలు. భర్త పోయిన యేడాదిలోనే ఆయన కొన్న ఇల్లును విడువవలసివచ్చిన స్త్రీకి ఆ ఇరువదియే ఎంత బరువో సగటు లెక్క చెప్పజాలదు. కావున మనయింటి పెద్దలకు నిద్ర పట్టకున్నను, ఆకలి మందగించినను, ఊరక కోపము వచ్చినను, అది సహజమని మొదట ఒప్పుకొనవలెను. ఆ స్థితి వారములతరబడి తగ్గకున్నను, మాటలలో తికమక కనబడినను వైద్యునికి చూపుటకు సంకోచింపరాదు.

మరునాడు అందరము ఆమెయెదుట కూర్చుండి జరిగినదంతయు చెప్పి తప్పు ఒప్పుకొంటిమి. ఆమె చాలసేపు ఊరకుండి, "అమ్మొద్దని నేను అనలేదు. నన్ను అడగలేదని అన్నాను" అనిరి. అన్ని మాటలలోను ఆ మాటయే మాకు నేటికిని మరపునకు రాదు.

రెండవ పొరపాటు చెప్పుకొనుటకు మరింత సిగ్గుగా నున్నది. మామగారికి ఇరువురు కుమారులు, ఒక కుమార్తె. ఆయన వీలునామా వ్రాయలేదు, ఇల్లు స్వార్జితము. అట్టి యాస్తి 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ననుసరించి భార్యకును, ఒక్కొక్క కుమారునికిని, ఒక్కొక్క కుమార్తెకును సమానముగా చెందును. అనగా నాలుగు వాటాలు. ఈ సంగతి మాకు తెలియకపోలేదు. అయినను "అక్క సంతకం పెట్టేస్తుందిలే" అని మా మరిది అనినప్పుడు మేము మాటాడలేదు. మా అమ్మాయి పైచదువుల ఖర్చు కన్నులయెదుట మెదలుచుండెను. మూడు వాటాలైన మాకెంత, నాలుగైన మాకెంత యని మనసు తనంతట తానే లెక్క వేసికొనుచుండెను. ఆడుదానికి ఆస్తిహక్కు ఉండవలెనని నలుగురిలో వాదించినవారమే, మా లాభము వచ్చుసరికి మౌనము వహించితిమి.

వదినగారు వచ్చిరి. హక్కు విడుదల పత్రమును ఆమె చేతి కిచ్చిరి. ఆమె వసారాలో కూర్చుండి మొదటినుండి తుదివరకు చదివి, దానిని మడిచి, "పెళ్ళికి కట్నం ఇచ్చాం, ఇంక నీకేం లేదు అనదలచుకుంటే ఆ మాట నా మొహాన అనండి. కాగితంమీద రాసి సంతకం అడగకండి" అనిరి. ఎవ్వరికిని నోట మాట రాలేదు. అత్తగారు మాత్రము మెల్లగా, "నాలుగు వాటాలు వెయ్యండి" అనిరి. అట్లే జరిగినది. వదినగారు తమ వాటా పుచ్చుకొనిరి. వలదని త్యాగము చేయలేదు. చేయవలసిన పనియు లేదు. చిత్రమేమన, సొమ్ము పంచుకొన్నపిమ్మట మా నడుమ మాటలు తగ్గలేదు. పంచవలసివచ్చునేమో యని మేము మౌనముగా నున్న దినములలోనే తగ్గినవి.

ఈ విషయమున సోదరీమణులు తెలిసికొనవలసినవి కొన్ని కలవు. వారసులు నివసించు ఇంటిని మగవారు పంచుకొనదలచిననే తప్ప, పంచుమని ఆడువారు కోరరాదను నియమము 1956 చట్టములో నుండెను. 2005లో దానిని తొలగించిరి. పిత్రార్జితమైన ఉమ్మడి యాస్తిలో అవివాహితలైన కుమార్తెలకు కుమారులతో సమానహక్కును ఆంధ్రప్రదేశమున 1986 నాటి సవరణము ఇచ్చెను. 2005 నాటి కేంద్ర సవరణము ఆ హక్కును వివాహితలకును కలిగించెను. ఆ సవరణము వచ్చునాటికి తండ్రి జీవించియుండకున్నను కుమార్తె హక్కు పోదని 2020లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది.

కాగితములనుగూర్చి చింతించుట సగము దిగులునకు కారణము. వాటిని ముందుగా సమకూర్చుకొన్నచో ఆ సగము తొలగును. మూల దస్తావేజులు, ఇంటిపన్ను రసీదులు, గతించినవారి మరణ ధ్రువపత్రము, కుటుంబసభ్యుల ధ్రువపత్రము, రిజిస్ట్రారు కచేరీలో నిచ్చు ఈ.సి., ఇవి యన్నియు ఒక సంచిలో నుంచి, ఆ సంచి ఒక్కరి చేతిలోనే యుండవలెను. నూరు రూపాయలకు మించిన స్థిరాస్తి విక్రయము రిజిస్టరు కానిదే చెల్లదని 1882 నాటి చట్టము. వ్రాసి సంతకములు చేసిన దస్తావేజును 4 నెలలలోపల రిజిస్ట్రేషనుకు దాఖలు చేయవలెనని 1908 నాటి చట్టము. ఇరువదివేల రూపాయలుగాని అంతకు హెచ్చుగాని ఇంటి బయానాగా నగదు రూపమున తీసికొనరాదని 2015లో కట్టుబాటు వచ్చినది. "సగము తెల్లకాగితముమీద, సగము చేతిలో" అను దళారి మాటలకు లోబడరాదు. అమ్మిన లాభముపై పన్ను కలదు. ఆ లాభముతో నియమితకాలములో వేరొక ఇల్లు కొన్నను, కట్టుకొన్నను మినహాయింపు దొరకును గనుక, బయానా పుచ్చుకొనకమునుపే ఆడిటరును అడుగుట మేలు.

అన్నిటికంటె ముఖ్యము, తల్లి వాటా తల్లి పేరిటనే బ్యాంకులో నుండవలెను. "అమ్మకెందుకు, మేము చూచుకొందుము కదా" యను మాట ఎంత ప్రేమతో పలికినను ఒప్పుకొనరాదు. మా అత్తగారి పాసుపుస్తకము ఆమె పెట్టెలోనే యున్నది. మనుమలకు పండుగబట్టలకు సొమ్ము ఇచ్చునపుడు ఆమె మొగమున కనబడు తృప్తి మరియే విధముగను కలుగదు. పెద్దలు తమ యాస్తిని బిడ్డలకు దానముగా నిచ్చునెడల, తమ్ము పోషింపవలెనను షరతును దస్తావేజులో స్పష్టముగా వ్రాయించుకొనవలెను. పోషింపనిచో అట్టి దానమును రద్దుచేయించుకొనుటకు 2007 నాటి వృద్ధసంరక్షణ చట్టము వీలు కల్పించినది.

ఇక సామగ్రి. అటకమీదనుండి దింపినకొలది దిగుచునే యుండెను: ఇత్తడి గంగాళములు, బిందెలు, ఆవకాయ జాడీలు, భోషాణము, తిరగలి, పెండ్లిపీటలు. పట్టణమందలి మా రెండుగదుల ఇంటిలో వీనికి చోటెక్కడ? భాగవతమున ఏకాదశ స్కంధములో అవధూత పామును గురువుగా చెప్పుకొనెను. అది తనకై ఇల్లు కట్టుకొనక, పరులు కట్టిన పుట్టలో సుఖముగా నుండునట. చిన్ననాడు చదివినపుడు ఆహా యనుకొంటిమి. కాని ఆ పామునకు ఊరగాయ జాడీలు లేవు! తుదకు అత్తగారినే పీటమీద కూర్చుండబెట్టి, ఏది ఎవరి కీయవలెనో ఆమెనే చెప్పుమంటిమి. ఒక్కొక్క వస్తువునకు ఒక్కొక్క కథ చెప్పుచు ఆమె మూడుదినములు పంచిరి. మామగారి లెక్కల పుస్తకములలో ఒకటి దాచుకొని తక్కినవి తీసివేయుమనిరి. మేము పంచిపెట్టినచో మూడుగంటలలో ముగిసెడిది. కాని ఆ మూడుదినములే ఆమెకు మందైనవి.

కొనువారు పాదరక్షలతో దేవునిగది గడపవరకు వచ్చుట, గోడలు తట్టిచూచుట, పాత కలప వర్తకులు స్తంభములకు వెలకట్టుట, ఇవి చూచి సహించుట కష్టము. అట్టివారు వచ్చునపుడు పెద్దలను గుడికో, చుట్టములయింటికో తీసికొనిపోవుట మంచిది. ఆ మాటలు వినితీరవలసిన అవసరము వారికి లేదు.

విడిచిపోవుటకు ఒక దినము ప్రత్యేకముగా నేర్పరుపుడని మా మనవి. శాకుంతలమున నాలుగవ యంకములో శకుంతల ఆశ్రమము విడుచునపుడు, తాను పెంచిన వనజ్యోత్స్న యను తీగను కౌగిలించుకొని సెలవు పుచ్చుకొనును. నిండుచూలాలైన లేడి సుఖముగా ప్రసవించినచో కబురు పంపుమని తండ్రిని వేడుకొనును. కణ్వుడంతటి ఋషికిని ఆపుకొన్న కన్నీటిచే గొంతు పూడుకొనిపోయెను. మేమును ఆ దినమున వంటచేసి, ఇరుగుపొరుగువారిని పిలిచి, మండువాలో విస్తళ్ళు వేసి భోజనములు పెట్టితిమి. ఏడ్వదలచినవారు ఏడ్చిరి.

సాయంకాలము కొన్నవారి యిల్లాలు వచ్చినది. చిన్నపిల్ల, బెదరుచు గుమ్మమువద్ద నిలువబడెను. ఏబదియేండ్లక్రిందట ఈ యింటి మునుపటి యిల్లాలు అదే గుమ్మమువద్ద తాళములు తమ చేతి కిచ్చి, నూతినీరు తీయన యని చెప్పినదని అత్తగారు మాతో ననిరి. ఆమె కన్నీరు అప్పుడు తాము గమనింపలేదట. ఆ పిల్లకు బొట్టుపెట్టి, తాళములు చేతికిచ్చి, "ఇల్లు తీసేసినా నుయ్యి పూడ్చకమ్మా. వేసవిలో కూడా ఎండదు" అనిరి. ఆ పిల్ల తల యూపెను. పూడ్చిరో లేదో మేము మరల పోయి చూడలేదు.

ఇల్లు అలుకగానే పండుగ కాదు. రిజిస్ట్రేషను కాగానే దిగులు తీరదు. క్రొత్తయింట మొదటి మూడునెలలు జాగ్రత్త కావలెను. పెద్దలు నిద్రలేచి, పాతయింటి త్రోవ యనుకొని అడుగువేసి పడుచుందురు. కావున మంచము తలాపి పూర్వపు దిక్కుననే యుంచి, స్నానపుగదివరకు రాత్రియెల్ల చిన్నదీపము వెలుగునట్లు చూడవలెను. వారి గిన్నె, వారి పీట వారికుండనిండు. ఇంటిలో నొక పని పూర్తిగా వారి యధికారమున నుండవలెను. మా యింట ఊరగాయలును, పూజయు అత్తగారివి. వానిలో మేము జోక్యము కలిగించుకొనము. పెరటి తులసినుండి తెచ్చిన విత్తనములు ఆమె కుండీలో చల్లగా మొలచినవి.

సోదరీమణులారా! ఇల్లు అమ్మక తప్పనినాడు అమ్ముకొనుట దోషము కాదు. పెద్దలను మొదట అడుగుడు. ఆడుబిడ్డను పిలిచి ఆమెకు రావలసినది చెప్పుడు. ఆమె అడుగువరకు ఆగకుడు. రేపు మన కుమార్తెలును ఏదో ఒక యింటి వసారాలో కూర్చుండి, సంతకము పెట్టుమని తమ కిచ్చిన కాగితమును చదువవలసినవారే.