పట్టువిడుపుల నెత్తురు

కామవరపుకోట నుంచి జీలకర్రగూడెం వైపు, గుంటుపల్లి బౌద్ధ గుహలకు పోయే దారంతా మెట్ట ఎర్రనేల. వాన పడితే బాట పక్కన పారే నీళ్లూ ఎర్రగానే ఉంటాయి. ఆ ఎరుపు ఇనుముది. మన ఒంట్లో పారే ఎరుపూ ఇనుముదే. నేలలోని ఇనుము ప్రాణవాయువును పట్టుకుందంటే ఇక వదలదు, తుప్పై కూర్చుంటుంది. నెత్తుటిలోని ఇనుము అలా కాదు. ఊపిరితిత్తుల్లో పట్టుకున్నదాన్ని కండకో మెదడుకో చేరగానే వదిలేస్తుంది. ఆ విడుపు లేకపోతే మనకు ఊపిరి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

గడ్డకట్టకుండా మందు వేసిన గాజు గొట్టంలో కాస్త రక్తం పోసి, ల్యాబ్ యంత్రంలో గిర్రున తిప్పి చూడండి. పైన లేత పసుపు రంగులో తేటగా ప్లాస్మా నిలుస్తుంది. గొట్టంలో సగానికి పైగా అదే, అందులోనూ నూటికి తొంభై పాళ్లు నీరే. తిన్న తిండిలోని సారం, ఉప్పులు, హార్మోన్లు, రోగాలతో పోరాడే యాంటీబాడీలు అన్నీ ఆ నీటి మీదే ప్రయాణం చేస్తాయి. అడుగున చిక్కగా దిగేవి ఎర్ర కణాలు. ఈ రెండింటి మధ్య చూపుకు ఆనీ ఆనని తెల్లటి పొర ఒకటుంటుంది. తెల్ల కణాలూ ప్లేట్‌లెట్లూ ఉండేది అందులోనే.

గుంటుపల్లి నుంచి దక్షిణంగా దిగితే కొల్లేరు. అక్కడి చెరువుల్లో పెరిగే వనామీ రొయ్యకు ఎర్ర నెత్తురే లేదు. దానికి ప్రాణవాయువును మోసేది రాగి. గాలి సోకితే ఆ రక్తం లేత నీలమవుతుంది. అక్కడే ఆటపాకలో గూళ్లు కట్టే పెలికాన్‌ది మనలాగే ఎర్ర నెత్తురు, కానీ దాని ఎర్ర కణంలో కేంద్రకం ఉంటుంది. మన కణం ఎముక మజ్జలో పెరుగుతూ పెరుగుతూ, బయటికొచ్చే ముందు తన కేంద్రకాన్నే బయటికి నెట్టేస్తుంది. ఆ ఖాళీలో ఇనుమును ఇముడ్చుకున్న హిమోగ్లోబిన్ అణువులు దాదాపు 27 కోట్లు సర్దుకుంటాయి. రెండు వైపులా నొక్కుకుపోయిన ఆ బిళ్ల తనకంటే సన్నని రక్తనాళంలోనూ మడతపడి దూరిపోతుంది. అయితే కేంద్రకం పోయాక తనను తాను బాగుచేసుకోలేదు. 120 రోజులు తిరుగుతుంది, అంతే. ఆ తర్వాత ప్లీహంలో, కాలేయంలో కాచుకున్న కణాలు దాన్ని మింగి, ఇనుమును మాత్రం భద్రంగా మజ్జకు తిప్పి పంపుతాయి.

తెల్ల కణాల విడుపు ఇంకా తెగువైనది. వాటిలో ఎక్కువగా ఉండే న్యూట్రోఫిల్ సూక్ష్మజీవిని మింగి తానూ చస్తుంది. పుండులో చీము చాలావరకు ఈ చచ్చిన కణాలే. కొన్ని న్యూట్రోఫిల్‌లు అయితే తమ డీఎన్‌ఏ పోగులనే, కొల్లేటి జాలరి వల విసిరినట్టు, క్రిముల మీదికి విసురుతాయని 2004లో శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. డెంగీ రోజుల్లో ఊరూవాడా లెక్కలడిగే ప్లేట్‌లెట్లు అసలు పూర్తి కణాలే కావు, మజ్జలోని ఓ పెద్ద కణం నుంచి తెగిపడిన తునకలు. వాటి ఆయువు పది రోజుల లోపే. వేలు తెగితే గండికి అడ్డంపడి, ప్లాస్మాలోని ఫైబ్రినోజన్ పోగులుగా అల్లుకునేదాకా అవే కాపు కాస్తాయి.

ఇంతమంది పోతుంటే మజ్జ ఎలా తట్టుకుంటుంది? సెకనుకు 20 లక్షల పైచిలుకు ఎర్ర కణాలు చేస్తూనే ఉండాలి. ఆ పనికి ఇనుముతోపాటు ఆకుకూరల్లో దొరికే ఫోలిక్ ఆమ్లమూ కావాలి. అది చాలకపోతే కణాలు విభజన కుదరక, ఉబ్బి, లెక్క తగ్గిపోతాయి. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ మందుల కంపెనీ బృందానికి నాయకుడు భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నదమ్ములిద్దరిని స్ప్రూ అనే పేగుల జబ్బు పొట్టన పెట్టుకుంది. అదే జబ్బుకు తర్వాత ఫోలిక్ ఆమ్లం మందయింది. ఆయన అంతటితో ఆగలేదు. తెల్ల కణాలు విడుపు మరిచి అదుపు లేకుండా పెరిగిపోవడమే లుకేమియా. వాటికి ఫోలిక్ ఆమ్లం అందకుండా అడ్డుపడే అమినోప్టెరిన్‌నూ ఆ బృందమే చేసింది. బోస్టన్‌లో వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దాన్ని పిల్లలకిచ్చి, జబ్బు కొంతకాలం వెనకడుగు వేసిందని 1948లో లోకానికి చెప్పాడు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు.

రక్తదానం చేస్తే ఆ ఒక్క సంచీని మూడు పాళ్లు చేస్తారు. ఎర్ర కణాలను చల్లని పెట్టెలో 42 రోజుల దాకా దాస్తారు, ప్లాస్మాను గడ్డకట్టించి ఏడాది ఉంచుతారు, ప్లేట్‌లెట్లను కదుపుతూనే ఉంచినా ఐదు రోజులే నిలుస్తాయి. ఇచ్చినవారికి పోయిన ప్లాస్మా ఒకటి రెండు రోజుల్లో, ఎర్ర కణాలు కొన్ని వారాల్లో నిండుతాయి. మన దేశంలో మగవారు 3 నెలలకోసారి, ఆడవారు 4 నెలలకోసారి ఇవ్వొచ్చు. మనం దాచుకున్నా ఆ ఎర్ర కణాలు నాలుగు నెలలకు మించి మనతో ఉండవు.