యంత్రానికి సాధన పరిచయం

సాంకేతిక పత్రాలను వెదకిపెట్టే కృత్రిమ మేధ ఏజెంట్లు నేడు కార్యాలయాలలో ప్రవేశిస్తున్నాయి. అనేక శోధన సాధనాలలో దేనిని ఉపయోగించాలో ఏజెంటు నిర్ణయించుకొనేది ప్రధానంగా సాధనం పేరును, దానికి మనం వ్రాసిన వివరణను చదివియే. కనుక ఆ నాలుగు వాక్యాలు అత్యంత కీలకమైనవి.

ఢిల్లీలోని మానక్ భవన్ కేంద్రంగా పనిచేసే భారతీయ ప్రమాణాల సంస్థవారి ఉక్కు నిర్మాణ ప్రమాణం ఐ.ఎస్. 800నే ఉదాహరణగా తీసుకుందాం. 1984 నాటి ప్రతి వర్కింగ్ స్ట్రెస్ పద్ధతిని అనుసరించినది. 2007 ప్రతి ప్రధానంగా లిమిట్ స్టేట్ పద్ధతిని స్వీకరించింది. ఇందులో సాధారణంగా స్థిర, చర భారాలను 1.5తో హెచ్చించి లెక్కిస్తారు. పాత ప్రతి ననుసరించి హెచ్చించని భారాన్ని కొత్త ప్రతిలోని బలంతో పోల్చితే, లెక్క సక్రమంగానే కనిపించినా, దూలానికి ఉండవలసిన భద్రత లోపిస్తుంది.

"ప్రమాణాలను వెదకును" అన్న వివరణ ఈ ప్రమాదాన్ని నివారించలేదు. దానికి బదులు ఇట్లు వ్రాయవచ్చును: "భారతీయ ప్రమాణంలోని ఒక క్లాజు పాఠమును ఇచ్చును. ప్రమాణ సంఖ్య, సంవత్సరము, క్లాజు సంఖ్య తప్పనిసరి. సంస్థ డ్రాయింగులకు దీనిని వాడరాదు. క్లాజు దొరకనిచో 'లేదు' అని మాత్రమే తెలుపును."

కొత్తగా చేరిన ఇంజనీరుకు చెప్పే జాగ్రత్తలే ఇవి. కావున ఈ వివరణలు వ్రాసే బాధ్యతను కంప్యూటరు విభాగానికే వదలక, ఆ పత్రాలతో ఏళ్ల తరబడి పనిచేసిన అనుభవజ్ఞులు స్వీకరించడం ఎంతైనా అవసరం.